ఎనిమిది మైకుల పెట్టె

మా ఊరి భజన గురువు పాటలు రికార్డు చేసేదానికని నేను ఏ సౌండు కార్డు బొమ్మ చూపించినా ముందు వేలుపెట్టి మైకులు గుచ్చే బొక్కలు లెక్కబెట్టేవాడు. "రెండేనా? మేం ఎనిమిది మందిమి గదప్పా!" రెండు చాలు, ఒకరి తర్వాత ఒకరు పాడండి, కంప్యూటరులో కలుపుతానని నేనంటే, "భజన అట్ల చేస్తారా?" అని కసిరేవాడు.

ఎనిమిది బొక్కలది దొరికి నా కంప్యూటరుకు తగిలించేసరికి వరసగా మూడేండ్లు వాన లేదు. శనక్కాయ పంట ఎండిపోయి తక్కిన ఏడుగురూ బెంగుళూరు కూలికి పోయినారు. గురువొక్కడే వచ్చినాడు. అయినా ఎనిమిది మైకులూ పెట్టించినాడు. ఒక్కో చరణం పాడి, వాళ్లు అందుకునేంతసేపు ఆగినాడు. అప్పుడు తెరమీద ఎనిమిది గీతల్లో ఒక్కటీ కదల్లేదు.

"ఈ ఖాళీలు కోసేద్దామా గురువా?" అని అడిగినాను.

"కోయద్దప్పా. వాళ్లొచ్చి ఆడ పాడాల."