ఊక దంపిన చప్పుడు

1979లో గాజువాకలో నాకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. నేను చదివింది ఐదో తరగతి. లెక్కలు కొట్లోనే నేర్చుకున్నాను. కుంచాన్ని కిలోల్లోకి, తవ్వని గ్రాముల్లోకి నోటితోనే మార్చి చెప్పేవాణ్ణి కాబట్టి, పాత కొలతలు తప్ప ఎరగని రైతులు నా దగ్గరికే వచ్చేవారు. వాళ్ళంతా ఫ్యాక్టరీకి భూములు పోయి, కొత్తగా వేసిన కాలనీలోకి మారినవాళ్ళు.

ఊళ్ళో ఉన్నప్పుడు వాళ్ళ బజారు పద్ధతి వేరు. ఆడవాళ్ళు కొంగులో గింజలు తెచ్చి కొట్లో పోసి, ఉప్పూ చింతపండూ ఎండుచేపలూ పట్టుకెళ్ళేవారు. బియ్యం ఇచ్చే వస్తువే గాని కొనే వస్తువు కాదు. బియ్యం కొనుక్కు తింటున్నారంటే ఆ ఇల్లు చితికిపోయిందని అర్థం.

మా పనిలో టేర్ అని ఒక మాట ఉంది. ఖాళీ పాత్ర బరువు. సరుకు పోయకముందు దాన్ని తూచి, తర్వాత మొత్తంలోంచి తీసేయాలి. నూకాలు అనే పిల్ల బియ్యానికి ఇత్తడి బిందె పట్టుకొచ్చేది. అందువల్ల ప్రతిసారీ ముందు ఆ బిందెని తూచేవాణ్ణి.

“నీ పేరు నూకాలు. కావాల్సింది నూకలా, బియ్యమా?” అన్నాను మొదటిసారి.

“బియ్యవే సావుకారు బాబూ. సంచీ అయితే దారిలో అందరూ సూత్తారు. బిందె అయితే నీళ్ళకెల్తందనుకుంటారు.”

“ఈయేళప్పుడు బడి నేదేటే?”

“ఉంది. ఏడో తరగతి. సాయంత్రం అయితే కాలనీ అంతా గుమ్మాల్లోనే కూకుంటాది. అందికే అందరూ కూలికెల్లిపోయాక మా అయ్య పంపుతాడు. సాయంత్రం మాయమ్మ దంపుతాది.”

“ఇది మర బియ్యం గదే. దంపడమేటి?”

“బియ్యం కాదు బాబూ. రోట్లో ఊకేసి దంపుతాది. సప్పుడు ఇనబడితే మా గాదెలో దాన్యం ఉందనుకుంటారంట.” నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

వారానికి రెండుసార్లు వచ్చేది. అంటే వారంలో రెండు పూటలు బడి పోయినట్టే. చలికాలం వెళ్ళేసరికి బిందె టేర్ ఒక్కసారిగా తగ్గింది. చూస్తే అల్యూమినియం బిందె. ఇత్తడిది అమ్మేశారని అడక్కుండానే తెలిసింది.

ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది. అది గట్టెక్కితేనే హైస్కూలు. పరీక్షల ముందు ఆదివారం సాయంత్రం నేనే కాలనీకి వెళ్ళాను. నూకాలు తండ్రి అప్పలస్వామి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పెరట్లో రోకటి చప్పుడు.

“పిల్లకి పరీక్షలంట గదా. ఈ వారం పిల్లని పంపకు, బియ్యం నాను పంపుతాను,” అన్నాను.

“నీ కొట్టు మూట నా గుమ్మంలో దిగితే ఈదంతా సూడదేటి సావుకారూ?”

“సూత్తే ఏటి? ఈ ఈదిలో కొననోళ్ళెవులు? ఎదురింటోళ్ళూ నా కాడే కొంటన్నారు.”

ఒక ఇంటి సరుకు సంగతి ఇంకో ఇంట్లో చెప్పకూడదన్నది కొట్టు నడిపేవాడి మర్యాద. పిల్ల కోసం దాన్ని పక్కన పెట్టాను.

అప్పలస్వామి వేలెత్తాడు. “ఇను.”

ఎదురింట్లోంచీ రోకటి చప్పుడు వస్తోంది.

“ఆలకి దాన్యం ఉంది, దంపుకుంటన్నారు. నువ్వు యాపారస్తుడివి. సరుకు అమ్ముకోడానికి ఏదైనా సెప్తావు.”

మా మాటలు చెవిన పడ్డాయేమో, పెరట్లో రోకలి ఆగింది.

“ఆగావేటి?” అన్నాడు అతను పెరటివైపు తల తిప్పకుండానే. చప్పుడు మళ్ళీ మొదలైంది.

లెక్కల పరీక్ష రోజు పొద్దున్న నూకాలు బిందెతో వచ్చి నిలబడింది.

“ఇయ్యాల పరీక్ష గదే!”

“ఇంట్లో గింజ నేదు బాబూ. తమ్ముడు రేత్రి నుంచీ ఏడుత్తన్నాడు. నిన్న సాయంత్రం ఎల్తానంటే అయ్య ఒప్పుకోనేదు.”

“బిందె ఇక్కడ ఒదిలీసి పరిగెత్తు. బియ్యం నాను అందిత్తాను.”

“గంట కొట్టీసారు. దారిలో ఇన్నాను. ఇంక నోపలికి రానీరు.” బియ్యం పోసిన బిందె వైపు చూసింది. “టేరు తీసీసేరా బాబూ?”

తీసేశానని చెప్పాను. తను కూడా పెదవులు కదుపుతూ తీసివేత చేసి చూసుకుని, సరేనని తలూపి, బిందె చంకనెత్తుకుంది. ఆ రోజు ఆ పిల్ల చేసిన లెక్క అదొక్కటే.

మరుసటేడు కాలనీలో రేషన్ డిపో పెట్టారు. మొదటి రోజే వీధి వీధంతా సంచులు పట్టుకుని వరసలో నిలబడింది. అప్పలస్వామి ముందు, అతని వెనకే ఎదురింటాయన. ఇద్దరూ నేలకేసి చూస్తున్నారు. ఆ తర్వాత కాలనీలో రోకళ్ళు మోగలేదు.

అప్పటికే నూకాలు కట్టుబడి పనిలో ఇటుకలు మోస్తోంది. ఒక సాయంత్రం అందరూ చూస్తుండగా గుడ్డసంచీ పట్టుకుని ఉప్పుకి వచ్చింది.

“పరీక్ష మళ్ళీ కట్టవే,” అన్నాను.

“ఎందుకు బాబూ? ఇప్పుడు నా కూలి డబ్బుల్తో సంచీ పట్టుకునే వత్తన్నాను గదా.”

తూచి చూపిస్తే ఎవరైనా నమ్ముతారనుకుని బతికినవాణ్ణి నేను. ఎదురింటి చప్పుడు ముందు నా తూకం నిలవలేదు. సభల్లో ఎవరైనా ఉపన్యాసం విని ఊకదంపుడని నవ్వుకుంటే, నాకు మాత్రం రెండు పెరళ్ళలో గింజ లేని రెండు రోళ్ళు వినిపిస్తాయి. వాటి మధ్య ఒక పిల్ల చదువు నలిగిపోయింది.