ఎడ్లకు తెలిసిన తోవ

యుద్ధంతో పెట్రోలు కరువై మోటారు బస్సులు తగ్గిన ఆ రోజుల్లో, చిన్నకోడూరు నుంచి సిద్దిపేటకు ఆడవాళ్లు పోవాలంటే ఇస్తారి కచ్చురమే దిక్కు. ఆ గూడుబండి ఎడ్లకు మేత వేయనిదే తాను ముద్ద ముట్టడు. కల్లు అమ్మే మండువ కనబడితే మాత్రం కాలు ఆగదు. తాగి తోలి ఒకసారి జొన్న బస్తాలను మడుగులో దించాడు, ఇంకోసారి బండినే బోర్లా వేశాడు. రెండుసార్లూ ఒంటిమీద గీత పడకుండా లేచాడు. అదే ముప్పయింది.

"తాగితేంది? నా ఎడ్లకు తోవ తెల్సు," అని మీసం దువ్వేవాడు. భార్య కొండవ్వకు నవ్వొచ్చేది, వెంటనే గుండె జారేది.

ఆ ఏడు ఇస్తారి అక్క బుచ్చవ్వ కూతురు లింగవ్వకు ఏడో నెల. నంగునూరులోని అత్తవారింటి నుంచి పురిటికి తేవాలి. మేనమామ బండిలో తేవడం వాళ్లింటి ఆనవాయితీ. బుచ్చవ్వ తమ్ముడి గడపలో నిలబడే తేల్చేసింది.

"సాంబయ్య బండి మాట్లాడిన. నువ్వు రాకు."

"నేను సచ్చిన్నా అక్కా?"

"రెండుమార్లు బతికినవనే భయం. మూడోసారి నా బిడ్డనెందుకు కూసోవెట్టాలె?"

కొండవ్వే మెల్లగా అంది: "వదినా, నేను గూడ పోత. పగ్గాలు నేనే పట్టుకుంట."

"నీకు తోలొస్తదా?"

"ఎడ్లకు తోవ తెల్సంటడు గదా నీ తమ్ముడు!"

బుచ్చవ్వకు నవ్వాగలేదు. సరేనంది.

తెల్లారి ఖాళీ బండితో బయలుదేరారు. కొండవ్వ ఎంత గుంజినా వినకుండా ఎడ్లు బాట విడిచి మండువ ముందు నిలబడి నెమరు వేయసాగాయి.

"ఇస్తారి మామా! నీకన్న నీ ఎడ్లకే తొందరున్నది!" కల్లు గీసే రాజమల్లయ్య పకపకా నవ్వి, తాటాకు రేకలో కల్లు వంచి అందించాడు.

ఇస్తారి ముఖం మాడిపోయింది. ఇన్నేళ్లూ ఎడ్లు తనను కాపాడుతున్నాయనుకున్నాడు. అవి నేర్చింది తాను నేర్పిందే! రేక ముట్టకుండా దిగి, కాడి పట్టి ఎడ్లను బాటకు తిప్పాడు.

తిరుగు ప్రయాణంలో లింగవ్వ గూట్లో కూర్చుంది. మండువ ఇంకా కనబడకముందే ఇస్తారి ముకుతాడు పట్టుకుని ముందు నడిచాడు. అది దాటినా ఎక్కలేదు.

"మామా, ఎక్కరాదు! కాళ్లు గుంజుతయ్," అంది లింగవ్వ.

"గుంజనియ్యి బిడ్డా. కూసుంటె మనసు ఎనుకకు వోతది."

ఇంటికి చేరగానే బుచ్చవ్వ బిడ్డకంటే ముందు తమ్ముడి నోరు వాసన చూసింది. "ఉల్లిగడ్డనే, కల్లు గాదు," అంటూ లింగవ్వను దించుకుంది. "పురుడైనంక తోలుకపోవుటానికి గూడ నువ్వే రా."

"అయిదు నెలలు తాగకుండ ఆగుడు కష్టమే అక్కా."

"ఆగకుంటె సాంబయ్య ఉన్నడు," అని బుచ్చవ్వ నడిచి వాపెక్కిన తమ్ముడి కాళ్లకు వేన్నీళ్లు తెచ్చిపెట్టింది.