తెర ఇవతలికి చాచిన చెయ్యి

పోయిన నెల పట్నంలో ఒక పెద్ద దవాఖానలో నన్ను చేర్చుకున్నప్పుడు, అక్కడి నర్సమ్మ నా మణికట్టుకు పేరు రాసిన ప్లాస్టిక్ పట్టీ ఒకటి చుట్టి, ఆ తరువాత రక్తం తీసేటప్పుడూ, యంత్రంలోకి పడుకోబెట్టేటప్పుడూ, గోలీ చేతిలో పెట్టేటప్పుడూ నా పేరేమిటని మళ్లీ మళ్లీ అడుగుతుంటే నాకు కొంచెం కష్టంగానే తోచింది. ఒకప్పుడు మా తాలూకాలో మా పేరు అడగవలసిన అవసరం ఎవరికీ ఉండేది కాదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. ఒకరి మందు ఇంకొకరికి పోకుండా ఉండడానికేనని కోడలు నచ్చజెప్పింది. పక్క మంచాల వాళ్లు అప్పటికే తలా ఒక మాట అంటున్నారు. బీపీ గోలీ ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా విడవదని ఒకాయన, స్కానింగులు ఎక్కువైతే ఒంట్లో సత్తువ గుంజుకపోతదని ఒకామె, అసలు ఈ రోగాలన్నీ కంట్రోలు బియ్యంతో వచ్చినవేనని ఇంకొకాయన. నేను ఏ పక్షమూ చేరలేదు. కోడలి మాట మాత్రం మనసులో నిలిచిపోయింది. ఎందుకంటే మందు ఎవరిదో, రోగం ఎవరిదో నాకు నేటికీ తేలని సంగతి ఒకటి మా ఇంట్లోనే జరిగింది.

అవి నిజాం రాజ్యం చివరి ఏండ్లు. నేను మెట్రిక్ పరీక్ష రాసి ఇంటికి వచ్చి ఉన్నాను. భువనగిరి స్టేషనులో దిగి కచ్చడం బండిలో ఒక పూట ప్రయాణం చేస్తే మా ఊరు వచ్చేది. మాది దొరల గడీ, కోటలాంటి ఇల్లు. గడీల సంగతి నా వయసు వాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. మా ఆడవాళ్లకు గోషా ఉండేది. పరాయి మగవాడి కంట పడకుండానే వాళ్ల బతుకులు గడిచిపోయేవి. మా నాయినకు కొత్త యంత్రమంటే మహా మోజు. గ్రామఫోను తెప్పించాడు, బ్యాటరీతో పలికే రేడియో తెప్పించాడు, చుట్టుపక్కల దొరలను పిలిచి వినిపించి మురిసిపోయేవాడు. ఆ మోజంతా బయటి హాలు వరకే. లోపలి వాకిలి దాటిన సంగతులన్నింటికీ మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఏది చెబితే అదే.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. దినం తప్పి దినం వచ్చేది. వచ్చిన నాడు గొంగళ్ల మీద గొంగళ్లు కప్పినా మంచం కోళ్లు కదిలేటంత వణుకు, రాని నాడు ఏమీ లేనట్టు లేచి కూర్చునేది. హకీం సాబు వేడి అన్నాడు. మంత్రసాని దిష్టి అన్నది. రైలు పట్టాలు వేసినప్పటినుంచే గాలి చెడిందని లెక్కలు రాసే మా మునీము అన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక నాయిన అందరి మాటా నమ్మాడు, అందరి వైద్యమూ చేయించాడు. అమ్మ మాత్రం రోజురోజుకూ కరిగిపోయి, కాలి కడియాలు జారిపోయే స్థితికి వచ్చింది.

అప్పుడే దౌరా మీద, ఊరూరా తిరుగుతూ, ఒక డాక్టరు మా ఊరి చావడిలో దిగాడు. నాయిన ఆయనను మర్యాదగా పిలిపించాడు. నాలుక కింద గాజు పుల్ల పెట్టి చూడనిదే, చెయ్యి పట్టుకోనిదే మందు రాయనని ఆయన అంతే మర్యాదగా ఉర్దూలో చెప్పాడు. తెర వేసుకోవడానికి అభ్యంతరం లేదట, చెయ్యి మాత్రం ఇవతలికి రావాలట. ఆ మాట లోపలికి మోసుకుపోయింది నేనే. నాయిన తన తల్లి ముఖం చూశాడు. అవ్వ అమ్మ వెంట వచ్చిన ఆడబాపను పిలిచింది.

పెండ్లినాడు పెండ్లికూతురితో పాటు అత్తవారింటికి పంపే పనిపిల్లను ఆడబాప అనేవారు. ఆ ఆచారం గురించి ఇప్పటి పుస్తకాలలో చాలా రాస్తున్నారు. రాసిన దానిలో అబద్ధమున్నదని నేను అనలేను. మా అమ్మతో వచ్చినామె అమ్మకు పాలిచ్చిన దాది బిడ్డ. ఇద్దరిదీ ఒకటే ఈడు.

“ఇద్దరు ఒక్క తల్లి పాలు తాగి పెరిగిండ్రు,” అన్నది అవ్వ. “ఒక్క బాయి నీళ్లు, ఒక్క కుండల బువ్వ. దీని చెయ్యి పడితే దాని నాడి తెల్వదా? తెల్వకపోతే వాడేం డాక్టరు?”

ఇది ఎవరినో మోసం చేయాలని వేసిన ఎత్తు కాదు. అవ్వ నమ్మింది, ఇంటిల్లిపాదీ నమ్మారు, ఆడబాప అందరికంటే ఎక్కువ నమ్మింది. అమ్మ గాజులు ఆమె చేతికి తొడుగుతుంటే, “దొరసాని బంగారం ఎక్కుతదంటే ఒక్క చెయ్యేంది, రెండు చాపుత,” అని నవ్వింది.

తెర పక్కన నేను నిలబడ్డాను. డాక్టరు అడిగిన ప్రశ్నలకు అమ్మ జ్వరం సంగతి చెప్పాను. ఆయన చెయ్యి పట్టుకొని ముఖం చిట్లించాడు. గాజు పుల్ల లోపలికి పోయి తిరిగి వచ్చింది. కిటికీ దగ్గర దానిని ఎత్తి చూసి, విదిలించి, మళ్లీ పంపాడు. మళ్లీ చూశాడు. ఇంత జ్వరంలో ఈమెను కూర్చోబెట్టడం ఏమిటి, వెంటనే పడుకోబెట్టండి అన్నాడు. నేను తెలుగులో చెప్పగానే తెర వెనుక నుంచి నవ్వు వినిపించింది. “నన్ను పండుకోమంటుండా? పొయ్యి మీద ఎసరు గూడ పండుకుంటదట మరి?”

లోపల అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అమ్మ రోగం ఆడబాప చేతిలో అగుపించిందని అవ్వ ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం వెనుక గది వైపు చూశాను. అది అమ్మకు జ్వరం రాని దినం. అక్కడ అమ్మ చల్లగా కూర్చొని జడ వేసుకుంటోంది. పుల్ల ఎవరి నోట్లో ఉంటే వాళ్ల వేడే చూపుతుందని బడిలో చదువుకున్నాను. ఆ మాట అవ్వతో అన్నాను.

“నీ తల్లికి జెరమున్నదా లేదా?”

“ఉన్నది.”

“ఆ పుల్ల జెరమని చెప్పిందా లేదా?”

“చెప్పింది.”

“ఇంక నీ లొల్లి ఏంది బిడ్డా?”

 

డాక్టరు పంపిన కునైను సీసాకు, పూటకెంత తాగాలో తెలిసేటట్టు పక్కన కాగితపు పట్టీ అంటించి ఉంది. మొదటి పూట మందు గిన్నెలో పోసుకొని, అమ్మ ఆడబాపను దగ్గరకు పిలిచి, మెడ మీద చెయ్యి వేసి చూసింది. సగం తాగి, మిగిలిన సగం ఆమె ముందుకు జరిపింది. మందు రాసింది తన కోడలికని అవ్వ గిన్నె లాక్కోబోయింది. అత్తకు ఏనాడూ ఎదురు చెప్పని అమ్మ, తల ఎత్తకుండానే, “రాసింది దాని చెయ్యి చూసి గద అత్తమ్మా,” అన్నది.

అవ్వ గోడకు ఒరిగి ఏడ్చింది. సగం మందుతో కోడలు బతకదని ఆమె భయం, ఆ భయం అబద్ధం కాదు. ప్రతి పూటా అట్లాగే సగం సగం తాగారు. సీసా అడుగంటిన తరువాత నాయిన చావడికి మనిషిని పంపితే, డాక్టరు దౌరా ముగించుకొని ఏ ఊరు పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. జ్వరం ఇద్దరికీ నెమ్మదించింది, ఎవరికీ పోలేదు. అమ్మ ఒక్కతే తాగి ఉంటే పూర్తిగా నయమయ్యేదేమో. ఆడబాపకు ఒక్క చుక్క దక్కకపోతే ఆమె బతికేదో లేదో. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎన్నోసార్లు చూశాను, ఏది న్యాయమో తేల్చుకోలేకపోయాను.

ఆ తరువాత ప్రతి వానకాలం ఇద్దరికీ చలి తిరగబెట్టేది. విచిత్రమేమంటే ఒకరి దినం ఇంకొకరికి వచ్చేది కాదు. ఇవాళ అమ్మ వణికితే ఆడబాప గొంగళ్లు కప్పి కాళ్ల దగ్గర కూర్చునేది, రేపు ఆడబాప వణికితే అమ్మ కూర్చునేది. గడీ దొరసాని పనిమనిషి కాళ్లు పిసకడం చూడలేక అవ్వ అటువైపు రావడమే మానుకుంది. తలుపు దగ్గరగా వేసుకొని ఇద్దరూ ఏవో చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకొని నవ్వుకునేవారు. అమ్మ అట్లా నవ్వగా నేను ఇంకెప్పుడూ వినలేదు.

నిజాం రాజ్యం పోయిన ఏడు మేము గడీ విడిచి నల్లగొండ వచ్చి కిరాయి ఇంట్లో దిగాము. ఎందుకు విడిచామో, ఎట్లా విడిచామో ఇక్కడ చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. బయలుదేరే నాడు ఆడబాప తమ్ముడు బండి కట్టుకొని వచ్చి, అక్కను తన వెంట తీసుకుపోతానన్నాడు. అడిగినట్టు లేదు, చెప్పినట్టే ఉంది. ఆమె అమ్మ దగ్గరకు వచ్చి నిలబడి, “నీ దినం నాడు ఎవరు కూసుంటరు దొరసాని?” అన్నది. అమ్మ, “నీ దినం సంగతి నువ్వు జూసుకో, పో,” అని మొహం తిప్పుకుంది. ఆ ఊరికి మేము మళ్లీ పోలేదు. పోయే ముఖం లేదని కాదు, పోతే ఏ ఇంటి ముందు దిగాలో తెలియక.

మరుసటి వానకాలం అమ్మకు చలి వచ్చింది. ఆ రెండు గదుల ఇంట్లో తెర కట్టుకునే జాగా కూడా లేదు. డాక్టరు నేరుగా వచ్చి అమ్మ చెయ్యి పట్టుకొని చూసి, గోలీలు రాశాడు. ఆయన లేచి పోబోతుంటే, అవే గోలీలు ఇంకొకరికి కూడా రాయమని అమ్మ నాతో అడిగించింది. మనిషిని తీసుకురండి, చూడకుండా ఎట్లా రాస్తానని ఆయన అన్నాడు. ఆయన అన్నది సబబే. అమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

గోలీలు అమ్మ ఒక్కతే మింగింది. జ్వరం మళ్లీ తిరిగి రాకుండా పోయింది. గోషా పోయింది, గడీ పోయింది, ఒకరికి బదులు ఇంకొకరు చెయ్యి చాచే తెలివితక్కువతనమూ పోయింది. ఇవన్నీ పోవలసినవేనని చదువుకున్న నా పిల్లలు చెబుతారు, నేను కాదనలేను. నయం కావడమంటే అదేనని కూడా నాకు తెలుసు. అయినా జ్వరం లేని ఆ వానకాలమంతా అమ్మ దినం తప్పి దినం అన్నం ముట్టకుండా వాకిలి వైపు చూస్తూ ఎందుకు కూర్చునేదో నేను ఏ డాక్టరునూ అడగలేదు. ఏమని అడగాలో ఇప్పటికీ తెలియదు.