కాళ్లు చాపే కుర్చీ

పామిడిలో ఆ వీధి వీధంతా కదిరమ్మ కాళ్ల మీద పడుకొని ఏడ్చి పెరిగిందే. ఇప్పుడు మీసాలు దువ్వుకొని బైకుల మీద తిరిగే మొగోళ్లు కూడా ఒకప్పుడు ఆమె కాళ్ల మీద బోర్లా పడి, గొంతు చించుకొని అరిచి, ఉచ్చ పోసినోళ్లే. వాళ్లల్లో ఎవడన్నా ఆమె ముందర పెద్దరికం చూపించబోతే, "ఏమప్పా, నువ్వు తడిపిన కాళ్లు ఇంకా ఆరనే లేదు, అప్పుడే పెద్దోడివైపోతివా?" అని మొగం మీదే అడిగేసేది. వాడు నవ్వుకుంటా తల వంచుకొని పోవాల్సిందే.

కూలికి పోయేది కడుపు కోసం. బిడ్డలకు నీళ్లు పోసేది మాత్రం ఆమెకు ప్రాణం. ఏ ఇంట్లో కాన్పు అయినా, బిడ్డకు బొడ్డు ఊడినాక కదిరమ్మకు కబురు వచ్చేది. పెరట్లో బండ మీద చిన్న పీట వేసుకొని, కోక మోకాళ్ల పైకి ఎగదోపి, రెండు కాళ్లూ చేర్చి బారుగా చాపేది. బిడ్డను అందుకునే ముందు ఒక చెంబు నీళ్లు తన కాళ్ల మీద పోసుకునేది. "చేతులకేం తెలుస్తాది పాపా? వేన్నీళ్లల్లో ముంచి ముంచి మొద్దుబారినాయి. వేడి ఎంతుండాదో చెప్పాల్సింది కాళ్లే" అని కొత్త తల్లులకు చెప్పేది. కాళ్లు ఊరుకుంటేనే బిడ్డ ఆ కాళ్ల మీదికి వచ్చేది. ఆముదం పట్టించి, శనగపిండి రుద్ది, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి, ఆఖరి చెంబు తల చుట్టూ తిప్పి పారబోసేది. "నూరేళ్లు బతుకు పో" అని తల్లి చేతిలో పెట్టేది. ఆ బిడ్డ పాలు తాగి పడుకుంటే మళ్లీ ఎండ నడినెత్తికి వచ్చేదాకా కళ్లు తెరిచేది కాదు.

అట్లాంటి మనిషి ముందటేడు పీకిన శనక్కాయ చెట్టు వేసుకొస్తాండే ట్రాక్టరు మీది నుంచి జారి పడింది. వెన్ను దెబ్బతినింది. అనంతపురంలో ఆపరేషన్ చేసినారు. ప్రాణం నిలబడింది గానీ నడుము కింద మనిషి లేనట్టే అయిపోయింది. గిల్లినా తెలీదు, చీమ కుట్టినా తెలీదు. కొడుకు శ్రీనివాసులు ఆటో నడుపుతాడు. వాడే ఎత్తి మంచం మీద వేసేది, వాడే ఎత్తి బయట పెట్టేది. "కుర్చీ కొందాం మా, చక్రాల కుర్చీ" అని వాడు అడిగినప్పుడల్లా, "నన్ను బండిలో పెట్టి ఊరేగిస్తావా ఏంది?" అని కసురుకునేది.

నడవాలని పెద్ద ఆశ లేదామెకు. నడిచి నడిచి విసుగొచ్చిన మనిషే ఆమె. ఆశ ఇంకొకటి. పక్కిళ్లల్లో బిడ్డలు పుడతాండారు. తల్లులు ప్లాస్టిక్ టబ్బుల్లో పెట్టి కడుగుతాండారు. మంచం మీద నుంచి ఆ ఏడుపులు వింటా, "ఆ నీళ్లు సల్లగుండాయి", "అయ్యో, చెవుల్లోకి పోనిస్తాండాది" అని ఒకతే గొణుక్కునేది. కాళ్ల మీద బిడ్డ బరువు, నూనె పట్టించిన ఆ వీపు జారుడు, మడమలతో తన్నే ఆ తన్ను. అవే తలుచుకుంటా పడుకునేది. ఒక్కసారి, ఒక్క బిడ్డకన్నా నీళ్లు పోస్తే చాలని ఉండేది. ఎవరితో చెప్పుకుంటాది? చెప్తే నవ్వరా?

వెనకింటి సారమ్మ కూతురు ఆశ్రిత కాన్పుకు పుట్టింటికొచ్చింది. నిండు కడుపుతో ఆయాసపడతా వచ్చి మంచం పట్టె మీద కూర్చొని, "అవ్వా, నాకు నీళ్లు పోసింది నువ్వే. నా బిడ్డకూ నువ్వే పోయల్ల" అనింది.

"పోవే! నేను యాడ పోసేది? పీట మీద కూర్చుంటే బొమ్మ మాదిరి పక్కకు పడిపోతాను."

"పీట మీద కాకపోతే ఇంకో దాని మీద కూర్చో" అని, ఆ పిల్ల అదేదో చిన్న సంగతైనట్టు తన దోవన పోయింది.

ఆ సాయంత్రం శ్రీనివాసులు ఆటో ఆపి లోపలికి అడుగు పెడతానే కదిరమ్మ అనింది, "రేయ్ సీనా, రేపు పోయి కుర్చీ తెచ్చుకుందాం పద. నేనే చూసి తీసుకుంటా."

వాడు నోరు తెరుచుకొని చూసినాడు. ఎందుకని అడిగితే మనసు మార్చుకుంటాదేమోనని అడగనే లేదు.

అనంతపురంలో అంగడాయన పేరు సురేంద్ర. ఓపికున్న మనిషి. ఒక కుర్చీ తెచ్చి, "ఇది తేలికమ్మా, మడిచి ఆటోలో పెట్టుకోవచ్చు" అన్నాడు.

"ఇందులో కాళ్లు వేలాడతాయి" అనింది కదిరమ్మ.

"అవును కదప్పా" అని శ్రీనివాసులు కలిపించుకున్నాడు. "కాళ్లు కిందికి వేలాడేస్తే నీరు దిగి వాస్తాయి, ఎత్తి పెట్టుకునే కుర్చీ అయితే మేలని డాక్టరు కూడా చెప్పినాడు."

"డాక్టరు సంగతి పక్కన పెట్టు. కాళ్లు బారుగా చాపేది యాడుండాది?"

సురేంద్ర లోపలి నుంచి ఇంకొకటి తోసుకొచ్చినాడు. కాళ్ల కింద మెత్తటి పలకలు, పక్కన ఒక్కో పిడి. పిడి ఎత్తితే పలక కాలుతో సహా పైకి లేస్తాది. కదిరమ్మను అందులో కూర్చోబెట్టినారు. "ఇంకా పైకి" అనింది. లేపినాడు. "ఇంకా." సగం లేచి ఆగిపోయింది. "మోకాలు మడత పడతాండాది. ఇది వద్దు" అని తేల్చేసింది. మూడోది బారుగా లేచింది గానీ, కదిరమ్మ పిడికిలితో కుడికాలి మీద గట్టిగా అదిమేసరికి పలక కొంచెం కిందికి దిగింది. "ఇదీ వద్దు, జారతాండాది."

"అంత గట్టిగా ఎవరు అదుముతారమ్మా?" అన్నాడు సురేంద్ర నవ్వుతా.

"అదిమేవాళ్లు ఉంటారులే."

నాలుగోది ఎంత అదిమినా కదలలేదు. రెండు కాళ్లూ ఒకే ఎత్తులో, బారుగా నిలిచినాయి. కదిరమ్మ మొగం వెలిగింది, అంతలోనే ముడుచుకుంది. "ఈ రెండు పలకల మధ్యన సందేంది?"

"రెండు కాళ్లకు రెండమ్మా. సందుంటే నీకేం ఇబ్బంది?"

కదిరమ్మ చెయ్యి చాపింది. కొడుకు భుజం మీది తువ్వాల లాక్కుంది. నీళ్ల సీసాను అందులో చుట్టి, తన రెండు కాళ్లనూ చేతులతో దగ్గరికి జరుపుకొని, ఆ మూటను వాటి మీద పడుకోబెట్టింది. ఒక అరచెయ్యి మూట కింద మెడ దగ్గర పెట్టినట్టు పెట్టి, ఇంకో చేత్తో మెల్లిగా పైనుంచి కిందికి నిమిరింది. బోర్లా తిప్పింది. మళ్లీ నిమిరింది. తన చుట్టూ మనుషులున్న సంగతే మరిచిపోయింది.

శ్రీనివాసులుకు అప్పుడర్థమైంది. అమ్మ మనసులో ఇన్నాళ్లూ ఇదుండాదా అనుకున్నాడు. మొగం రోడ్డు వైపు తిప్పుకొని, "ఇదే ఇవ్వన్నా" అన్నాడు.

"ఇది పొడుగెక్కువ. కాళ్లు చాపితే మీ ఇంటి వాకిట్లో తిరగదేమో, చూసుకోండి" అన్నాడు సురేంద్ర.

"తిరక్కపోతే వాకిలి పగలగొట్టుకుంటాం. నువ్వు ఆటోలో పెట్టప్పా" అనింది కదిరమ్మ.

ఇంటికొచ్చినాక రోజూ పొద్దున్నే ఆమెకు అదే పని. వేపచెట్టు నీడన కుర్చీ పెట్టించుకొని, కాళ్లు చాపుకొని, కొర్రల మూట ఒకటి కాళ్ల మీద వేసుకొని తిప్పడం. దారిన పోయేవాళ్లు, "ఏమక్కా, రాణెమ్మ మాదిరి కూర్చున్నావే" అని ఎగతాళి చేసినారు. చేస్తే చెయ్యనీ. కాళ్ల వాపు తగ్గిందని కొడుకు సంబరపడినాడు. ఆమెకు వాపు గుర్తు కూడా లేదు.

ఆశ్రితకు ఆడబిడ్డ పుట్టింది. బొడ్డు ఊడింది. "వద్దులే అక్కా, నీకెందుకు కష్టం, మేం టబ్బులో పోసుకుంటాం" అని సారమ్మ ఎంత జంకినా కూతురు వినలే. శ్రీనివాసులు కుర్చీని సారమ్మ పెరట్లో బండ మీదికి తెచ్చి, బ్రేకు వేసి, బ్రేకును నమ్మక చక్రాల వెనక రాళ్లు కూడా పెట్టినాడు. తల్లి నడుమును పాత కోకతో కుర్చీ వీపుకు కట్టినాడు. రెండు కాళ్లనూ చేర్చి తువ్వాలతో ముడేసినాడు. పొయ్యి మీది నుంచి దించిన వేన్నీళ్ల కాగు పక్కన పెట్టినారు. కదిరమ్మ కోక ఎగదోపింది.

చెంబు ముంచింది. ఎప్పటి మాదిరే ముందు తన కాళ్ల మీద పోసుకుంది. కాళ్లు ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే నీళ్లు సరిపోయినట్టే, ఇన్నేళ్లూ ఆమె లెక్క అదే. "సరిగ్గుండాయి. తే పాపా, బిడ్డను తే" అని చేతులు చాపింది.

"అవ్వా!" అని కేక పెట్టింది ఆశ్రిత.

కాళ్ల మీది నుంచి ఆవిరి లేస్తాండె. చూస్తాండంగానే చర్మం ఎర్రగా కమిలిపోయింది. సారమ్మ ఉరికి సన్నీళ్లు కుమ్మరించింది. కాగులో సన్నీళ్లు ఇంకా కలపనే లేదు. కదిరమ్మ తన కాళ్లనే చూస్తా ఉండిపోయింది. బిడ్డను చేతికి తీసుకొని ఉంటే, ఇంకో చెంబు ముంచి ఉంటే... ఆ తర్వాత ఏమయ్యేదో తలుచుకోలేక కళ్లు మూసుకుంది.

"తీసుకపో. బిడ్డను ఇంట్లోకి తీసుకపోండి. నన్ను నమ్మొద్దండి" అని ఏడ్చింది. ఆపరేషన్ అప్పుడు కూడా అట్ల ఏడవలే. "రేయ్ సీనా, ఆ పలకలు కిందికి దించు. ఇంకెప్పుడూ లేపొద్దు."

కాళ్లు మానేదాకా కదిరమ్మ మంచం దిగలే. కొర్రల మూటను కొడుకుతో లోపలికి పంపేసింది. వెనకింట్లో బిడ్డ ఏడిస్తే గోడ వైపు తిరిగి పడుకునేది.

కాళ్లు మానినాక ఒక పొద్దున ఆశ్రిత బిడ్డను ఎత్తుకొని వచ్చింది. వెనకాల సారమ్మ నీళ్ల బిందెతో వచ్చింది. "లే అవ్వా" అనింది ఆశ్రిత. "ఇంటికాడ టబ్బులో వేస్తే ఇది ఊపిరి తిప్పుకోకుండా ఏడుస్తాండాది."

"నాకు వేడి తెలీదు పాపా. చూసినావు కదా."

"నాకు తెలుస్తాది. ప్రతి చెంబులో నేను చెయ్యి పెట్టి చెప్తాను. నేను సరే అంటేనే నువ్వు పోయి. చెయ్యి నాది, కాళ్లు నీవి."

కదిరమ్మ కొడుకు వైపు చూసింది. వాడు అప్పటికే కుర్చీ బయటికి తోస్తాండె.

ఆశ్రిత చెయ్యి ముంచింది. "కొంచెం సన్నీళ్లు" అనింది. మళ్లీ ముంచింది. "సరే." అప్పుడు బిడ్డను కదిరమ్మ కాళ్ల మీద పెట్టినారు. కదిరమ్మ అరచెయ్యి మెడ కిందికి దానంతటదే పోయింది. ఆముదం, పిండి, ముక్కు, తల. ప్రతి చెంబుకూ ఆశ్రిత చెయ్యి, ఆశ్రిత మాట. బిడ్డ ఏడుపు ఆపి, కళ్లు పెద్దవి చేసుకొని ఆమె మొగంలోకి చూసింది. మడమలతో టపటపా తన్నింది. కదిరమ్మ ఆ తన్నులను కళ్లతో చూసింది. కాళ్లకు మాత్రం అందలే. ఎన్నాళ్లుగానో కోరుకున్న బరువు కాళ్ల మీదే ఉండాది, కాళ్లకే తెలీదు.

అంతలో బిడ్డ ఉచ్చ పోసింది. సన్నటి ధార కదిరమ్మ కాళ్ల మీది నుంచి పలకల సందులోకి కారిపోయింది. "అయ్యో, తడిపేసిందే!" అని సారమ్మ, శ్రీనివాసులు పకపకా నవ్వినారు. కదిరమ్మ కూడా నవ్వింది. నవ్వుతా నవ్వుతా ఆగిపోయి, గొంతు తగ్గించి ఆశ్రితను అడిగింది.

"పాపా, వెచ్చగా ఉండాదా?"

ఆశ్రిత అవ్వ కాలి మీద, ఆ తడి మీద అరచెయ్యి ఆనించింది.

"ఉండాదవ్వా. వెచ్చగా ఉండాది."

"ఔ" అనింది కదిరమ్మ కళ్లు మూసుకొని. "అట్లనే ఉంటాది."