పసుపు వైపు కిటికీ

ఆర్మూరులో మా భజన మండలికి పక్కింటి వదిన గొంతే ముందు. ఆ ఏడు ఆమె 'గోవిందా' అనబోతే ఊపిరి అందక, ఛాతీలో పిల్లికూతలు వినిపించాయి. నాకు భయమేసింది.

మర్నాడు నేను వెళ్లేసరికి వదిన పత్తికట్టె పొగలో కూర్చుని, ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతోంది. వంటింటికున్న ఒక్క కిటికీ తెరిచాను. అవతల వాకిట్లో పసుపు ఆరబోసి ఉంది.

"ముయ్యవే పిల్లా! పసుపుకు పొగ వాసన పడితే మార్కెట్ల ధర రాదు. మీ అన్న సంపుతడు."

"గ్యాసున్నది గదా వదినా?"

"అది పసుపు కొనే సేట్లొస్తే చాయ పెట్టనీకి. నా ముకానికా?" అని నవ్వబోయి దగ్గింది.

అంతలో వాకిట్లో అన్న చెప్పుల చప్పుడైంది. ప్రతి ప్రాణిలో ఊపిరై ఉన్నది నారాయణుడేనని రోజూ పారాయణం చేసేదాన్ని. ఆ కిటికీ నేనే మూసేశాను.