గుండీలత్త ఇంట్లో పిల్లలు

చొక్కాల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి గుండీలు కుట్టి, చూపు మందగించాక ఇంటిపట్టున ఉండిపోయిన ఆవిడని వీధంతా గుండీలత్త అనేవారు.

ఆవిడ పనిచేసే రోజుల్లోనే, చంటిపిల్లలకి ఫ్యాక్టరీలో ఒక గది కావాలని సమ్మె జరిగింది. జెండాలకి కొదవ లేదు, గొంతులకీ లేదు. అయినా వారం తిరక్కుండా చల్లారిపోయింది. నాయకులు అమ్ముడుపోయారని జనం చెప్పుకున్నారు. అత్త చూసింది వేరు. గేటు ముందు కూర్చున్న తల్లులు ఏడ్చే పిల్లల్ని చంకనేసుకుని, ఒక్కొక్కరే లేచి ఇంటికెళ్లిపోయారు.

అందుకే ఈసారి అదే ఫ్యాక్టరీలో పనిచేసే కోడలు ఆ గది కోసమే సమ్మెకి దిగినప్పుడు, "పిల్లలందర్నీ నా దగ్గర పడేసి పోండే. గొంతు చించుకోవడం మీ వంతు, ముక్కులు తుడవడం నా వంతు" అంది. రెండు గదుల ఇల్లు పిల్లలతో కిక్కిరిసిపోయింది.

కొన్నాళ్లకి, సమ్మెలో కలవకుండా ఇంకా పనిలోకి వెళ్తున్న, కాలర్లు కుట్టే కాలర్లమ్మాయి బిడ్డనెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. సమ్మె చెడగొట్టేవాళ్ల బిడ్డని చూడనని, ఇన్నాళ్లూ చూసుకున్న పక్కింటావిడ చెప్పేసిందట.

కోడలు అడ్డంగా నిలబడింది. "ఏం మొహం పెట్టుకుని వచ్చావ్? మా నోట్లో మట్టి కొడుతూ, నీ పిల్లని కూడా మమ్మల్నే మొయ్యమంటావా?"

"తప్పుకోవే. పనిలోకి పోతోంది అది. ఈ బుడ్డది పోవట్లేదుగా!" అంటూ అత్త బిడ్డని అందుకుంది.

"అత్తయ్యా, నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ. రేపు గది వస్తే దీన్ని గుమ్మం బయట కూర్చోబెడతారా?"

ఆ మధ్యాహ్నమే ఇద్దరు తల్లులు అలిగి తమ పిల్లల్ని తీసుకుపోయారు. అత్తకి పాత సమ్మె గుర్తొచ్చింది. చేజేతులా తనే ఈ సమ్మెని కూల్చేస్తోందా?

సాయంత్రం కాలర్లమ్మాయి వచ్చేసరికి బిడ్డ గౌనుకి పొద్దున లేని గుండీ ఉంది. రంగు కలవలేదు గానీ, దాని కింద దారం సన్నని మెడలా బిగువుగా చుట్టి ఉంది. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో తనకి ఆ చుట్టు నేర్పింది అత్తే. కాలర్లమ్మాయి దాన్ని వేలితో తడిమింది.

"సమ్మెలోకి రమ్మని అడుగుతావనుకున్నాను, అత్తా."

"పాలు తాగింది, పడుకుంది, లేచి నా జుట్టు పీకింది. నీలాగే మొండిది. ఇంకేం చెప్పను?"

మర్నాడు కాలర్లమ్మాయి బిడ్డని అప్పగించి, తిన్నగా వెళ్లి గేటు ముందు కూర్చుంది. కోడలు మొహం తిప్పుకుంది గానీ, కాస్త జరిగి చోటిచ్చింది. ఆమెని చూసి, లోపల మిగిలిన కాలర్లవాళ్లూ బయటికొచ్చారు. కాలరు పడని చొక్కా ముందుకి కదలదు. గుట్టలు పేరుకుపోయాయి. చివరికి యజమాని దిగొచ్చాడు.

గది తెరిచిన రోజు సభలో ఒకరు నాయకుడి ఉపన్యాసం గెలిపించిందన్నారు, మరొకరు యజమానికొచ్చిన నష్టమన్నారు. కోడలు ఇంటికొచ్చి అడిగింది. "మీరేమంటారు, అత్తయ్యా?"

అత్త, పిల్లలు లేక బోసిపోయిన గదిలో మంచం కింద తడుముతోంది. చేతికి ఒక బుల్లి మేజోడు తగిలింది.

"కాలర్లమ్మాయి కూతురిది. ఇచ్చెయ్యనా?" అంటూ కోడలు చెయ్యి చాపింది.

అత్త దాన్ని కొంగులో ముడేసుకుంది.

"నీకెందుకే శ్రమ? రేపు ఆ గదికి నేనే వస్తాలే."