ఓడ చూడ్డానికి కట్టిన ఏడు మూటలు

మా అత్త దాలమ్మకు నడినెత్తిన జుట్టు లేదు. గరివిడి దగ్గర మాంగనీసు గనిలో ఇరవై రెండేళ్ళు తట్టలు మోసింది. నెత్తిన చుట్టకుదురు ఒరిసి ఒరిసి అక్కడ వెంట్రుకలు మొలవడం మానేశాయి. పొలం పనులుంటే పొలానికి, లేకపోతే గనికి. ఎవరైనా అయ్యోపాపం అంటే మాత్రం ఆవిడకు ఒళ్ళు మండేది. "ముందు నీ జుట్టు సూసుకో" అనేసేది.

ఆవిడకున్న కోరిక ఒక్కటే. తను మోసిన రాయి విశాఖపట్నం హార్బర్లో ఓడెక్కి పరాయి దేశం పోతుందట. ఆ ఓడను కళ్ళారా చూడాలి. అరవై ఎనిమిదిలో, నేను కాపురానికొచ్చిన మూడో నెలలో, గనిలో తూకాలు రాసే నరసింగరావు ఒక సోమవారం చల్లగా చెప్పాడు: "ఈ ఆదివారం మన రాయి ఎత్తడానికి ఓడొస్తన్నాది. మళ్ళీ ఎప్పుడొస్తాదో సెప్పలేం." ఇంకేముంది! ఆ పూట పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే. అత్త వీధి వీధంతా తిరిగి జనాన్ని పోగేసింది.

నన్ను కలుపుకుని ఏడుగురు ఆడవాళ్ళం తేలాం. శనివారం మధ్యాహ్నం గని వదిలేస్తారు, పాసింజరెక్కాలి, సత్రంలో పడుకోవాలి, ఆదివారం ఓడ చూసి సముద్రంలో మునకేసి సాయంత్రం బండికి వచ్చేయాలి. ఇంత తేలిక సంగతికి రెండు రోజులు పోట్లాడుకున్నారు. చోడి అంబలి కుండ రైల్లో ఎవరి ఒళ్ళో పెట్టుకోవాలన్నది తేలలేదు. "అక్కడ ఇడ్లీలు దొరుకుతాయి కదా" అన్నాను. ఆరుగురూ నన్ను కొరికేసేలా చూశారు. కొత్త కోడలు నోరు మూసుకోవాలంటారు గానీ నాకది చేతకాదు.

అంతలో పంచాంగం చూసే జగన్నాధం వేళ్ళు మడిచి లెక్కేసి పెదవి విరిచాడు. "శనివారం నవమి. బయలెల్లకూడదు." అత్త మొహం మాడిపోయింది. ఆయనే మళ్ళీ దారి చెప్పాడు. "గురువారం దివ్యంగా ఉన్నాది. ఆ రోజే ప్రస్థానం పెట్టేయండి." అంటే మంచి రోజున మనకు బదులు మన మూట ఇల్లు దాటుతుంది. దారిలో ఎవరింట్లోనో ఉంచి, మనం వీలైన రోజున వెళ్ళి దాన్ని అందుకుని అటునుంచటే పోవాలి. మూట మళ్ళీ ఇంటికి రాకూడదు.

మూటలు ఎక్కడ పెట్టాలో మా ఏడుగురిలో పెద్దది సుభద్రమ్మ తేల్చేసింది. "టేసను దారిలో గున్నమ్మిల్లు ఉన్నాది కదా!" ఆవిడ మాటకు ఎదురులేదు. గురువారం పొద్దున్నే ఏడు మూటలు గున్నమ్మ నట్టింట్లో చేరాయి. మూటంటే ఏమిటనుకున్నారు? ఎవరికున్న ఒక్క మంచి కోకా అందులోనే. నేనైతే నా పెళ్ళి చీర పెట్టాను, తెలివితక్కువదాన్ని.

గున్నమ్మ కూతురు నిండు నెలలతో పుట్టింట్లో ఉన్న సంగతి ఏడుగురికీ తెలుసు. ఒక్కర్తెకీ తట్టలేదు!

శనివారం వాళ్ళు గని నుంచి, నేను ఇంటి నుంచి, గున్నమ్మ గుమ్మం ముందుకు చేరాం. నూతి దగ్గర స్నానాలు చేసి కోకలు మార్చుకోవాలని మా ఎత్తు. గున్నమ్మ వాకిట్లోనే చేతులడ్డం పెట్టింది. "రాకండి, రాకండి! తెల్లారి మా పిల్ల నీళ్ళాడింది. మగపిల్లోడు."

పురిటిల్లు. పదకొండు రోజులు ఆ ఇంట్లో వస్తువు ముట్టుకోకూడదు. మూటలు లోపల, మేం బయట. గుమ్మంలోంచి నా పెళ్ళి చీర అంచు కనిపిస్తోంది కూడాను. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది.

"సుభద్రమ్మత్తా, ఊళ్ళో ఇంకో ఇల్లే దొరకలేదేటి నీకు?" అనేశాను.

"పిల్లోడు ఇయాల పుడతాడని నాకు కలొచ్చిందేటే?" అని ఆవిడ నా మీదికి లేచింది. "ఈ మసి కోకల్తో పట్నం ఎల్తామా? సిగ్గులేదూ? పదండి ఇళ్ళకి."

ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. అత్త మాత్రం స్టేషను వైపు నడుస్తోంది. కోక నిండా నల్లటి మరకలు.

"అత్తా, ఈ కోకతోనే?"

"ఓడ నన్ను సూడ్డానికొస్తన్నాదేటే? నానే దాన్ని సూడ్డానికెల్తన్నాను. వస్తే రా, లేపోతే పో."

తిట్టుకుంటూ వెంటపడ్డాను. అంబలి కుండ నా ఒళ్ళోకే వచ్చింది.

ఆదివారం పొద్దున్న హార్బరు గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. అత్త కోక మీది మరకలు చూసి, "ఏ గని?" అన్నాడు. వాళ్ళమ్మా చీపురుపల్లి వైపు గనిలో మోసిందట. తనే మమ్మల్ని కంచె పక్కన మిట్ట మీదికి తీసుకెళ్ళి చూపించాడు. క్రేను తొట్టెడు తొట్టెడు రాయి ఎత్తి ఓడ కడుపులో పోస్తోంది. ఎంత పోసినా నిండడం లేదు.

అత్త చాలాసేపు చూసింది. తర్వాత కూలబడిపోయింది. "బతుకంతా మోసినాను. అదంతా దీనికి ఒక మూలకి సాలదు కదే" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. కాపలా మనిషి వైపు తిరిగాను.

"బాబూ, ఈ ఓడలో ఎంత పడుతుంది?"

"పదివేల టన్నులు."

నేను ఎనిమిది పాసయ్యాను. పుల్ల తీసుకుని ఇసకలో లెక్క మొదలెట్టాను.

"అత్తా, రోజుకెన్ని తట్టలు?"

"వంద."

"తట్టకెంత?"

"ఇరవై కేజీలు. తగ్గితే నరసింగరావు ఊరుకుంటాడేటి?"

రోజుకు రెండు టన్నులు. ఏడాదికి రెండొందల యాభై రోజులు గని పని, అంటే ఐదొందల టన్నులు. ఇరవై రెండేళ్ళకు పదకొండు వేలు. నాకే నమ్మకం కలగక చెరిపి మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

"అత్తా! పదకొండు వేల టన్నులు! ఈ ఓడ నిండా నువ్వొక్కదానివే మోసినావు!"

ఆవిడ కళ్ళు తుడుచుకుని ఓడను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. "మళ్ళీ సెప్పు" అంది. చెప్పాను. ఇంకోసారి చెప్పించుకుంది. అప్పుడు లేచి, నడుం మీద చెయ్యేసుకుని, పాపం ఆ కాపలా మనిషిని నిలదీసింది.

"ఓడకి పదివేలయితే, నాను మోసిన మిగతా వెయ్యి టన్నులూ ఎక్కడెట్టినార్రా?"